అలమారాలో మూడు గంజాయి మొక్కలు: ఒక ఎన్‌డీపీఎస్ కేసు పూర్వాపరాలు

నేను లాయరుగా వాదిస్తున్న ఈ కేసులో ముద్దాయి వయసు 26. నరసరావుపేట దగ్గర పల్లెటూరు, గుంటూరులో బీటెక్, బెంగళూరు కుందలహళ్లి గేటు దగ్గర డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ట్రాఫిక్ చలానాలు తప్ప పోలీసులతో ఏనాడూ పని పడలేదు. ఎఫ్ఐఆర్‌లో పెట్టిన సెక్షన్లు ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాల చట్టం) 8(బి), 20(ఎ), 20(బి)(2)(బి), 27. స్వాధీనం చేసుకున్నవి కుండీల్లో మూడు గంజాయి మొక్కలు, జామ్ సీసాలో ఎండబెట్టిన 22 గ్రాముల సరుకు, ఒక ఎల్ఈడీ లైటు, చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను, ఒక స్పైరల్ నోటుబుక్కు, ఫోను.

మన తెలుగు కుర్రాళ్ల ఎన్‌డీపీఎస్ కేసులంటే ఇదివరకు రెండే రకాలు. మన్యం వైపు నుంచి బ్యాగులో సరుకు తెస్తూ రైల్వే స్టేషన్లో దొరికినవాళ్లు, పీజీ గదిలో పొట్లంతో దొరికినవాళ్లు. ఇప్పుడు మూడో రకం వస్తోంది. 2023లో శివమొగ్గలో మెడికల్ విద్యార్థులు అద్దె ఇంట్లో లైట్లు పెట్టి పెంచుతూ దొరికారు. 2024 నవంబరులో బెంగళూరు ఎమ్మెస్సార్ నగర్‌లో ఒక జంట బాల్కనీ పూలకుండీల్లో పెంచుతూ, ఆ వీడియో ఫేస్‌బుక్‌లో పెట్టి దొరికిపోయారు. వీళ్లెవరూ ముఠాలు నడిపేవాళ్లు కారు. కొనుక్కోవడం కన్నా సొంతంగా పెంచుకోవడమే సేఫ్ అన్న నమ్మకం చదువుకున్న కుర్రాళ్లలో గట్టిగా ఉంది. చట్టం సరిగ్గా దానికి తిరగేసి ఉంది. ఈ కేసును విడమరిచి రాయడం అందుకే. క్లయింటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను, మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఎలా మొదలైంది

వారాంతాల్లో స్నేహితులతో కలిసి గంజాయి తాగడం అలవాటైంది. సరుకు ఇచ్చేవాడు ఒకసారి ఫోను ఎత్తడం మానేశాడు, తర్వాత తెలిసింది వాడు లోపలున్నాడని. మనవాడికి భయం పట్టుకుంది. అమ్మేవాడి ఫోన్లో తన నంబరు ఉంటుంది, తన ఫోన్‌పే లావాదేవీలు ఉంటాయి. అదే సమయంలో విదేశాల్లో ఇళ్లలో పెంచుకునే వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. కెనడాలో 2018 నుంచి చాలా ప్రావిన్సుల్లో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్లు మనిషికి మూడు మొక్కలు పెంచుకోవచ్చు. అతను మూడు కుండీలే పెట్టడానికి కారణం అదే. జైల్లో మొదటిసారి కలిసినప్పుడు నాతో అన్న మాట: "జర్మనీలో మూడు దాకా ఓకే సార్. అందుకే మూడుకి మించి పెట్టలేదు." లెక్క పక్కాగా పాటించాడు, దేశమే వేరు.

కొన్న పొట్లంలో అడుగున మిగిలిన గింజలు దాచుకున్నాడు. గింజలు గంజాయి కిందకు రావని ఎక్కడో చదివాడు. ఆ మాట వరకు తప్పు కాదు. చట్టంలో సెక్షన్ 2(3) ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ పట్టిన కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న గింజలు, ఆకులు అందులోకి రావు. గంజాయి జాతి (హెంప్) గింజల్ని ఆహారంగా అమ్ముకోవడానికి 2021లో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణాలు కూడా పెట్టింది. కానీ గింజ డబ్బాలో ఉన్నంతసేపే ఈ మాట. మట్టిలో పెట్టి మొలకెత్తించాక అది సెక్షన్ 2(4)లోకి పోతుంది. గంజాయి మొక్క అంటే ఆ జాతికి చెందిన ఏ మొక్కైనా అని అక్కడ రాసి ఉంది. ఎంత ఎత్తు, పూత పట్టిందా లేదా, మత్తు ఉందా లేదా అనే ప్రశ్నే లేదు.

పడగ్గదిలో గోడకు కట్టిన అలమారాలో బట్టలు తీసేసి పెంచాడు. కొత్తగా మొదలుపెట్టినవాడికి వచ్చే కష్టాలన్నీ వచ్చాయి. నీళ్లు ఎక్కువై ఆకులు పసుపు పచ్చబడ్డాయి, మట్టి చుట్టూ చిన్న పురుగులు ముసిరాయి, ఒక మొక్క సన్నగా సాగి వాలిపోయింది. మూడింటిలో ఒకటి మగ మొక్క. గంజాయిలో ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి. మత్తు కోసం చూసేది ఆడ మొక్క పూతనే, మగది వాళ్లకు ఎందుకూ పనికిరాదు. దాన్ని పీకేయబుద్ధి కాక కిటికీ దగ్గర పెట్టి పెంచుకున్నాడట. చార్జిషీటులో అదీ మూడో మొక్కగా లెక్కకెక్కింది. 2(4) నిర్వచనంలో ఆడా మగా తేడా లేదు మరి.

పట్టించింది వాసన. అలమారా వెనక నుంచి ఫ్యాను గాలిని బాత్రూమ్ డక్టులోకి వదిలాడు. ఆ డక్టు పై అంతస్తు బాత్రూమ్‌లోకి కూడా తెరుచుకుంటుంది. పై ఇంటివాళ్లు మొదట ఎలుక చచ్చిందనుకున్నారు, తర్వాత డ్రైనేజీ అనుకున్నారు, ప్లంబర్ని పిలిపించారు. ప్లంబరు వాసన చూసి నవ్వి, ఇది డ్రైనేజీ వాసన కాదని చెప్పి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే అసోసియేషన్ నుంచి ఎవరో 112కు ఫోను చేశారు.

కిలో లెక్క

నా దగ్గరకు మొదట వచ్చింది తండ్రి, రిటైర్డ్ స్కూలు టీచరు. చేతిలో ఒక కాగితం, దాని మీద కొడుకు స్నేహితుడెవరో రాసిచ్చిన లెక్క: గంజాయి ఒక కిలో వరకు చిన్న మొత్తం, ఫైన్ కట్టి బయటికి రావచ్చు. "మావాడి దగ్గర దొరికింది 22 గ్రాములేనంట కదా లాయరు గారూ, ఇంత రాద్ధాంతం ఎందుకు?" అని అడిగారు.

కాగితంలో రాసింది సగం నిజం. 2001 నాటి నోటిఫికేషన్ ప్రకారం గంజాయికి చిన్న మొత్తం 1,000 గ్రాములు, వాణిజ్య మొత్తం 20 కిలోలు. చిన్న మొత్తం దగ్గర ఉంచుకుంటే ఏడాది వరకు కఠిన జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తాగినందుకు సెక్షన్ 27 కింద ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. కాని మొత్తాన్ని బట్టి మారే ఈ మెట్లన్నీ సెక్షన్ 20(బి)లో ఉన్నాయి. పెంచడం దానికి ముందున్న 20(ఎ)లో ఉంది. అక్కడ గ్రాము లేదు, కిలో లేదు, ఎన్ని మొక్కలనే మాట లేదు. గంజాయి మొక్క ఏదైనా సాగు చేస్తే పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. అంతే.

"మాస్టారూ, మీవాడు ఆ 22 గ్రాములు కొనుక్కుని ఉంటే ఏడాది సెక్షను. పెంచుకున్నాడు కాబట్టి పదేళ్ల సెక్షను" అని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం నన్ను కూడా ఆలోచింపజేసింది: "మరి పాడేరు వైపు కొండల మీద ఎకరాలకు ఎకరాలు వేసినవాళ్లకి ఏం సెక్షను?"

అదే సెక్షను. 2021లో ఆంధ్రా పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికించినప్పుడు సాగుదారుల మీద పెట్టడానికి చట్టంలో ఉన్నదీ 20(ఎ)నే, కుందలహళ్లి అలమారాకు వర్తించేదీ 20(ఎ)నే. కొండ మీద తోటకూ మూడు కుండీలకూ మధ్య తేడా చూపించే పని చట్టం జడ్జికి వదిలేసింది. 20(ఎ)లో గరిష్ఠ శిక్ష ఉంది గాని కనిష్ఠ శిక్ష లేదు. మా డిఫెన్సుకు పెద్ద ఆధారం ఈ ఖాళీయే.

మిగతా తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోయి ఉంటాయి. మొదటి తప్పు అని ప్రొబేషన్ మీద వదిలేయమని అడగడానికి సెక్షన్ 33 అడ్డం. ముద్దాయికి 18 ఏళ్లు నిండితే, నేరం 26 లేదా 27 కాకపోతే ప్రొబేషన్ లేదు. అలవాటుకు బానిసైనవాడు తనంతట తాను చికిత్సకు వెళ్తే సెక్షన్ 64ఎ కింద ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది, అదీ 27కు, చిన్న మొత్తం కేసులకు మాత్రమే. చట్టం దయ చూపిన చోటల్లా తాగేవాడినీ, కొద్దిగా దగ్గర పెట్టుకున్నవాడినీ దృష్టిలో పెట్టుకుంది. తన కోసమే ఒక మొక్క పెంచుకునేవాడు ఒకడుంటాడని 1985లో ఈ చట్టం రాసినవాళ్లు అనుకున్నట్టు లేదు. నా ఉద్దేశంలో ఇది సవరించాల్సిన చోటు. కాని సవరించేదాకా కోర్టులో మనకు ఉన్న చట్టం ఇదే.

లైసెన్సు తెచ్చుకుని ఉంటే అని తండ్రి ఒకసారి అడిగారు. నార కోసం, గింజ కోసం, హార్టీకల్చర్ కోసం సాగుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వడానికి సెక్షన్ 14లో వీలుంది, ఉత్తరాఖండ్ ఆ దారిలో నడిచింది కూడా. ఫ్లాట్లో తాగడానికి పెంచుకుంటానంటే ఇచ్చే లైసెన్సు ఈ దేశంలో ఎక్కడా లేదు.

తూకం

ఫైలు చేతికి రాగానే నేను ముందు తిరగేసింది మహజర్. మన దగ్గర పంచనామా అంటాం, కర్ణాటకలో మహజర్ అనే అంటారు. మొక్కల బరువు 2 కిలోల 140 గ్రాములు అని ఉంది. అందుకే 20(బి)లో చిన్న మొత్తానికి బదులు మధ్య మొత్తం సెక్షను పెట్టారు, దానికీ పదేళ్ల వరకే.

ఎలా తూచారు? మహజర్ రెండో పేజీలోనే జవాబుంది. మొక్కల్ని "వేళ్లతో సహా" కుండీల్లోంచి లాగి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, కింద కిరాణా కొట్టు నుంచి తెప్పించిన ఎలక్ట్రానిక్ కాటాతో తూచారు. సోదా వీడియో కూడా ఉంది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 105 ప్రకారం సోదాను ఆడియో, వీడియోలో తీయాలి, తీశారు. ఆ వీడియోలో వేళ్లకు గుప్పెడు గుప్పెడు తడి మట్టి అంటుకుని ఉంది. సంచిని కాటా మీద పెట్టినప్పుడు ఒక మూల నుంచి నీళ్లు కారి, కొట్టు కుర్రాడు గుడ్డతో కాటా తుడవడం కూడా కనిపిస్తుంది. ఆ గుడ్డ కనిపించిన కొద్ది సెకన్లు మా డిఫెన్సులో ప్రాసిక్యూషన్‌కు జవాబు చెప్పలేని చోటు. తడి మట్టిని, వేళ్లను, కాండాన్ని, మగ మొక్కను కలిపి తూచి దాన్ని గంజాయి బరువు అన్నారు.

నిర్వచనంలో గంజాయి అంటే పూత కొసలు మాత్రమే అని పైన చెప్పాను. ఆడ మొక్కలు రెండింటికీ పూత అప్పుడప్పుడే మొదలైంది. కొసల్ని విడదీసి ఎవరూ తూచలేదు. ఆ తర్వాత సెక్షన్ 52ఎ కింద మేజిస్ట్రేటు ముందు ఇన్వెంటరీ (స్వాధీనం చేసుకున్నవాటి జాబితా) చేసినప్పుడు, మట్టి దులిపి, ఎండిపోయిన మొక్కలు మొత్తం 690 గ్రాములు తూగాయి. రెండు తూకాలూ ప్రాసిక్యూషన్ కాగితాల్లోనే ఉన్నాయి. 20(బి)(2)(బి) నిలబడదని వాదించడానికి ఇంతకన్నా ఏం కావాలి? మత్తుమందులో వేరే పదార్థం కలిసినా మొత్తం బరువే లెక్క అని సుప్రీంకోర్టు 2020లో హీరా సింగ్ కేసులో చెప్పింది కదా అని పీపీ (ప్రభుత్వ న్యాయవాది) అన్నారు. అది మత్తుమందును వేరే పదార్థంతో కలిపిన మిశ్రమాల గురించి. వేళ్లకు అంటిన ఎర్రమట్టి మిశ్రమం కాదు.

అయితే క్లయింటుకూ, తండ్రికీ ఒక మాట మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. తూకం మీద గెలిస్తే 20(బి) తగ్గుతుంది, 20(ఎ) తగ్గదు. మొక్క గ్రాము తూగినా మొక్కే.

సాగు అంటే ఏమిటి

20(ఎ) మీద పెద్ద తీర్పు అలఖ్ రామ్ కేసు, సుప్రీంకోర్టు, 2004. పొలంలో గంజాయి మొక్కలు కనిపించినంత మాత్రాన సాగు చేసినట్టు కాదు, వాటంతట అవే మొలిచి ఉండవచ్చు, నాటి పెంచారని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి అని కోర్టు చెప్పింది. పల్లెల్లో గట్ల మీద, పెరట్లో మొలిచిన మొక్కల కేసుల్లో ఈ తీర్పు చాలామందిని కాపాడింది. అలమారాలో లైటు కింద వాటంతట అవే మొలిచాయని మాత్రం ఏ జడ్జీ నమ్మడు. ఇంటి లోపల పెంచడం వల్ల దాక్కోవచ్చని వీళ్లు అనుకుంటారు. నిజానికి లైటు, ఫ్యాను, టైమరు, ప్రతీదీ సాగుకు సాక్ష్యమే.

అన్నింటికన్నా గట్టి సాక్ష్యం ఆ స్పైరల్ నోటుబుక్కు. టెస్టింగ్ ఉద్యోగం చేసేవాడు కదా, బగ్ రిపోర్టు రాసినట్టే రాశాడు. తేదీ, నీళ్లు ఎంత, ఆకు రంగు, "కింది ఆకులు పసుపు, నీళ్లు తగ్గించాలి", "నం.2 మగదేమో?" అని. మొక్కలకు పేర్లు కూడా పెట్టాడు, వాటిని ఇక్కడ రాయను. చేతిరాత నిపుణుడి అవసరం కూడా లేకుండా మొదటి పేజీలో తన పేరు, ఫోను నంబరు రాసుకున్నాడు, పోతే తెచ్చిస్తారని కాబోలు. ఫోన్లో వారం వారం ఫొటోలున్నాయి. నోటుబుక్కు, ఫోను రెండూ కలిస్తే నాటింది ఎవరు, పెంచింది ఎవరు అనే ప్రశ్నకు ప్రాసిక్యూషన్ వేరే సాక్షిని పిలవక్కర్లేదు.

ఫోను మీద మాకు కొంత వాదన ఉంది. స్టేషన్లో అతని వేలు పట్టుకుని పెట్టించి తెరిపించారు. పోలీసులు తమ ఇష్టానికి ఫోను తెరిపించకూడదని, దానికో పద్ధతి ఉందని కర్ణాటక హైకోర్టు 2021లో వీరేంద్ర ఖన్నా కేసులో చెప్పింది, అదీ బెంగళూరు డ్రగ్స్ కేసే. ఫొటోలు కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. మొదటి చార్జిషీటులో అది లేదు. కాని ఇలాంటి లోపాలను వాళ్లు తర్వాత సరిదిద్దుకోగలరు. నోటుబుక్కుకు సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇక కన్నడంలో స్వ-ఇచ్ఛా హేళికె అనే స్వచ్ఛంద వాంగ్మూలం. నాలుగు పేజీలు. కన్నడం చదవడం రాని మనిషి చేత కన్నడ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు కాబట్టి దాని గురించి నాకు పెద్ద టెన్షన్ లేదు. ఆ స్టేషన్లో ఆ నాలుగు పేజీల్లో చాలా వరకు ప్రతి కేసులోనూ ఒకేలా ఉంటాయని అక్కడ కేసులు నడిపినవాళ్లందరికీ తెలుసు.

రాత్రి సోదా

పోలీసులు వచ్చింది రాత్రి తొమ్మిది దాటాక, వారంటు లేకుండా. సెక్షన్ 42 ప్రకారం సూర్యాస్తమయం తర్వాత వారంటు లేకుండా ఇంట్లోకి వెళ్లాలంటే, వారంటు తెచ్చేలోపు సాక్ష్యం మాయమవుతుందనో, మనిషి పారిపోతాడనో నమ్మడానికి కారణం కాగితం మీద రాయాలి, ఆ కాపీ 72 గంటల్లో పై అధికారికి పంపాలి. ఇక్కడ కారణం ఒక్క లైనులో ఉంది. వేళ్లూనిన మొక్కలు రాత్రికి రాత్రి ఎక్కడికి పోతాయని మేం అడుగుతున్నాం. పీకి ఫ్లష్ చేసేస్తాడని వాళ్లంటున్నారు. కర్నైల్ సింగ్ కేసులో 2009లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది ఏమిటంటే, 42ను అసలు పాటించకపోతే కేసు నిలవదు, ఆలస్యమై దానికి సరైన వివరణ ఉంటే నిలవవచ్చు. పై అధికారికి కాపీ నిజంగా ఎప్పుడు చేరిందన్నది క్రాస్‌లో, అంటే సాక్షిని మేం ఎదురు ప్రశ్నించేటప్పుడు తేలాలి. స్టేషన్ డైరీ తెప్పించమని పిటిషన్ వేశాం.

చాలామంది క్లయింట్లు సెక్షన్ 50 గురించి అడుగుతారు, మేజిస్ట్రేటు ముందు సోదా చేయలేదు కదా సార్ అని. అది ఒంటి మీద సోదాకు. ఇంటికి, బ్యాగుకు వర్తించదు. అలమారాలో దొరికినదానికి 50 ఊసెత్తి లాభం లేదు.

బెయిల్

ఇక్కడ ఒక మంచి మాట ఉంది. ఎన్‌డీపీఎస్ అనగానే బెయిల్ రాదని ఊళ్లో అందరూ భయపెడతారు. ఆ భయానికి మూలం సెక్షన్ 37. ముద్దాయి తప్పు చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని జడ్జికి అనిపిస్తే తప్ప బెయిల్ ఇవ్వొద్దని అది అంటుంది. కాని అది 19, 24, 27ఎ సెక్షన్లకు, వాణిజ్య మొత్తం కేసులకు మాత్రమే. 20(ఎ) ఆ జాబితాలో లేదు. మామూలు నాన్‌బెయిలబుల్ కేసు లాగే వాదించవచ్చు.

అతన్ని పరప్పన అగ్రహార జైలుకు పంపారు. సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలోని ఎన్‌డీపీఎస్ ప్రత్యేక కోర్టులో పిటిషన్ వేశాం. ఇంటర్నెట్లో చూసి చదువుకున్నవాడు హైటెక్ పద్ధతిలో చేశాడు, బయట ఉంటే మళ్లీ చేస్తాడు అని పీపీ వాదించారు. మేం మూడు విషయాలే చెప్పాం: పాత కేసులు లేవు, అమ్మినట్టు ఒక్క సాక్ష్యం లేదు, ఫోన్లో ఒక్క పైసా కూడా సరుకు అమ్మిన డబ్బుగా వచ్చినట్టు లేదు. తూకం గొడవను ఆ రోజు పూర్తిగా బయటపెట్టలేదు, దాన్ని విచారణకు దాచుకున్నాను. బెయిల్ దగ్గరే అన్నీ వాదించేసి ప్రాసిక్యూషన్‌కు లోపాలు చూపించడం నాకు ఇష్టం ఉండదు.

లక్ష రూపాయల బాండు, ఇద్దరు పూచీదారులు, వాయిదాలకు తప్పక హాజరు అనే షరతులతో బెయిల్ వచ్చింది. అసలు కష్టం అప్పుడు మొదలైంది. బెంగళూరులో పదేళ్లుగా ఉన్న తెలుగువాళ్లకు స్నేహితులు వందమంది ఉంటారు, పూచీ ఇవ్వమంటే స్థానికంగా ఆస్తి ఉన్నవాడు ఒక్కడూ దొరకడు. హొరమావులో ఉండే మేనమామ వస్తానన్నాడు గాని ఆయనది బీ ఖాతా సైటు, అంటే కాగితాలు పక్కాగా లేని స్థలం, ఎందుకొచ్చిన రిస్కని నేనే వద్దన్నాను. చివరికి హోసకోటలో పొలం ఉన్న కుటుంబ స్నేహితుడు, హుళిమావులో సొంత ఇల్లున్న తోటి ఉద్యోగి తండ్రి వచ్చారు. కాగితాలు పరిశీలించి జైలుకు రిలీజు ఆర్డరు చేరేసరికి ఇంకొన్ని రోజులు పట్టింది. తెలుగువాళ్లకు నేనిచ్చే సలహా, అరెస్టు ఫోను రాగానే లాయరుతోపాటు పూచీదారుణ్ణి కూడా వెతకడం మొదలుపెట్టండి.

చుట్టుపక్కలవాళ్లు

రూమ్మేటు ఒకడున్నాడు, అద్దె ఒప్పందం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. సంఘటన జరిగినప్పుడు తెనాలిలో అక్క పెళ్లిలో ఉన్నాడు. అయినా వారం తిరక్కుండా నోటీసు అందింది. స్నేహితుడి మీద జాలితో "నాకు కొంచెం తెలుసు సార్" అని పోలీసులతో చెప్పబోయాడు. ఆ "కొంచెం తెలుసు" అనే మాట సెక్షన్ 25 కింద ముద్దాయిని చేస్తుంది. తన ఇంట్లో ఇలాంటి పని జరుగుతుందని తెలిసీ ఒప్పుకున్నవాడికి అసలు నేరానికి ఉన్న శిక్షే వర్తిస్తుంది. అలమారా గది నాది కాదు, ఆ గదిలోకి నేను వెళ్లేవాణ్ణి కాదు అన్నది నిజమే కాబట్టి అదే చెప్పించాను. అతను ఇప్పుడు సాక్షి, ముద్దాయి కాదు. ఓనరు తెలుగు మాట్లాడే స్థానిక కుటుంబం. ఆయన్ను కూడా 25 పేరు చెప్పి బెదిరించారు. ఒప్పందం రాసి ఇల్లు అద్దెకిచ్చాక ఆయన ఇంట్లోకి అడుగు పెట్టలేదని తేలడంతో వదిలేశారు.

ఉద్యోగం రెండో వారంలోనే పోయింది. కంపెనీ కారణం రాయలేదు, "వ్యక్తిగత కారణాల వల్ల" రాజీనామా తీసుకున్నారు. అంతకన్నా పెద్ద దెబ్బ పాస్‌పోర్టు. అమెరికాలో ఎంఎస్‌కు అడ్మిషన్ వచ్చి ఉంది. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6(2)(ఎఫ్) కింద ఇవ్వకుండా ఆపవచ్చు. కేసు నడిచే కోర్టు అనుమతి తెస్తే 1993 నాటి నోటిఫికేషన్ ప్రకారం పరిమిత కాలానికి ఇస్తారు. అతని పాస్‌పోర్టు గడువు ఆ ఏడాదే ముగుస్తోంది. కోర్టు అనుమతి కోసం వేసిన పిటిషన్ విచారణకు వచ్చేలోపు ఆ సెమిస్టరు మొదలైపోయింది. తండ్రికి కొడుకు జైల్లో ఉన్నప్పటికన్నా ఈ వార్త విన్నప్పుడే ఎక్కువ దెబ్బ తగిలిందని నాకనిపించింది.

స్నేహితుల్లో ఇద్దరు అరెస్టు వార్త తెలియగానే తమ ఫోన్లలో చాట్లు చెరిపేశారు. గింజల సంగతి, ఫొటోలు పంచుకున్న సంగతి ఆ చాట్లలో ఉంది. అవతలివాడి ఫోన్లో అవే చాట్లు అలాగే ఉంటాయి, చెరిపేసినట్టు బయటపడితే సాక్ష్యాలు మాయం చేశారనే మరో కేసు. వాళ్లకు ముందుగా తెలిసిన లాయరు ఎవరైనా ఉంటే ఆ పని చేయనిచ్చేవాడు కాదు.

ఇప్పుడు ఎక్కడుంది

చార్జిషీటు దాఖలైంది, మడివాళ ఫోరెన్సిక్ ల్యాబ్ నివేదిక గంజాయేనని వచ్చింది, అభియోగాలు ఖరారయ్యాయి. హైకోర్టులో కేసు కొట్టేయించమని బంధువులు గట్టిగా ఒత్తిడి చేశారు. నేను ఒప్పుకోలేదు. లైటు, ఫ్యాను, నోటుబుక్కు ఉన్న కేసును మొదట్లోనే కొట్టేయమంటే హైకోర్టు "విచారణలో చెప్పుకోండి" అంటుంది. ఆ ఆర్డరులో రాసిన ఒక్కో వాక్యం కింది కోర్టులో మన మీదికే వస్తుంది. 2022లో భంగు ఆకు ఈ చట్టంలోకి రాదని ఒక బెయిల్ కేసులో కర్ణాటక హైకోర్టు అన్నది కదా అని ఒక బంధువు కాగితం ప్రింటు తీసి తెచ్చాడు. ఆకు విడిగా ఉన్నప్పుడు ఆ మాట. మన ఆకు మొక్కనే పట్టుకుని ఉంది.

మా దారి ఇది. 20(బి)(2)(బి)ని తూకం మీద చిన్న మొత్తానికి దించడం. 42 మీద సోదానే దెబ్బకొట్టడానికి ప్రయత్నించడం, అది నిలిస్తే మొత్తం కేసు కూలుతుంది, నిలుస్తుందని మాట ఇవ్వలేను. ఈ రెండూ కాక 20(ఎ) మిగిలితే, కనిష్ఠ శిక్ష లేదు కాబట్టి లోపల గడిపిన రోజులకు సరిపెట్టమని అడగడం. ఆ అడగడానికి ఇప్పటి నుంచే కాగితాలు కూడగడుతున్నాం. బెంగళూరు మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో అతను అలవాటు మానడానికి చికిత్సకు వెళ్తున్నాడు, ఆ రికార్డు ఉంది. 64ఎ మినహాయింపు రాదని తెలిసే వెళ్లమన్నాను. శిక్ష దగ్గర జడ్జి చూసేది ఆ రికార్డునే.

సాక్షుల విచారణ మొదలైంది. మొదటి మహజర్ సాక్షి అపార్టుమెంట్ వాచ్‌మన్. చీఫ్‌లో, అంటే ప్రాసిక్యూషన్ అడిగినప్పుడు, అంతా మహజర్‌లో ఉన్నట్టే చెప్పాడు. క్రాస్‌లో కాటా ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే కింద కొట్టు నుంచి అన్నాడు, సంచిలో మట్టి ఉందా అంటే ఉందన్నాడు. కొట్టు కుర్రాడికి సమన్లు పంపమని పిటిషన్ వేశాం, ప్రాసిక్యూషన్ అభ్యంతరం చెప్పింది. దాని మీద ఆర్డరు వచ్చే వాయిదాకి.